చెఱలో ధారణ: స్లొవాకియా కథోలిక యువకులు

లిపి నిషిద్ధమైనచోట వాఙ్మయమెట్లు నిలుచునో స్లొవాకియా చరిత్ర తెలుపుచున్నది. 1943లో క్రొయేషియా దేశీయుడైన యేసుసభ గురువు తొమిస్లావ్ కొలకోవిచ్ అచట ‘కుటుంబము’ అను పేర కథోలిక యువజనులను సంఘటితపఱచెను. జర్మనీ ఓటమి పిమ్మట కమ్యూనిస్టు పాలన వచ్చుననియు, మతసంస్థలు అణచబడుననియు ఊహించి, వారిని చిన్న బృందములుగా తీర్చెను. 1948లో చెకొస్లొవాకియాలో అధికారము కమ్యూనిస్టుల వశమై ఆ యూహ నిజమయ్యెను.

ఆ బృందములలోని యువవైద్యుడు సిల్వెస్టర్ క్రిచ్‌మేరి 1951లో నిర్బంధింపబడి, 1954లో 14 ఏండ్ల శిక్షను పొందెను. గ్రంథము లేని చెఱలో కంఠస్థమైన సువార్త భాగములే ఆయనకు గ్రంథమయ్యెను. వానిని ఆవృత్తి చేయుచు, ప్రార్థనతోను చింతనతోను దినమును క్రమపఱచుకొని మనస్స్థైర్యమును కాపాడుకొనెను.

1964లో ఆయనయు, మరుసటియేడు ఆయన సహచరుడు వ్లదిమీర్ యూక్లును విడుదలైరి. ఇరువురును యువజనుల రహస్యబృందములను మరల నెలకొల్పిరి. 1988 మార్చి 25న బ్రాతిస్లావాలో మతస్వేచ్ఛను, పౌరహక్కులను కోరి వేలాది జనులు కొవ్వొత్తులతో నిలిచిరి. పోలీసులు నీటిధారలతో వారిని చెదరగొట్టిరి. ఆ ప్రదర్శనమునకు వెన్నుదన్నుగా నిలిచినవి ఇట్టి రహస్యబృందములే.

ధారణను పాఠరక్షణోపాయముగా మాత్రమే గణించుట మనకు పరిపాటి. ఇచట పాఠమే తన ధారకుని రక్షించినది. వాఙ్మయచరిత్రలో ఈ రెండవ ప్రయోజనమునకును స్థానమీయవలసియున్నది.