స్నానపుగదిలో దీపముంచవలసిన చోటు

వెలుతురు సరళరేఖలలో పయనించునని మన విద్యార్థులు భౌతికశాస్త్రమున చదువుకొనుచున్నారు. అట్టకు సూదితో రంధ్రముచేసి, యెదుట క్రొవ్వొత్తి వెలిగించి, తెరమీద తలక్రిందులైన మంటను చూచి సంతోషించుచున్నారు. కాని యా నియమమే తమ యింటి స్నానపుగదిలో తాతగారి గడ్డమునకు గాట్లు పెట్టగలదని యెఱుగరు. అది యెట్లో యిచ్చట వివరింపనెంచితిమి.

సికింద్రాబాదునకు ఉత్తరమున నున్న యాప్రాల్ ఒకప్పుడు పల్లె. నేడచ్చట అపార్టుమెంట్లును, సైన్యమునుండి విశ్రాంతి గైకొన్నవారి సొంతయిండ్లును నిండియున్నవి. పాతబడిన స్నానపుగదులను బాగుచేయించుకొనుటయు నచ్చట తఱచుగా చూచుచున్నాము. గోడలకు ముదురురంగు టైల్సు, స్లాబుక్రింద జిప్సం పలకల ఫాల్స్ సీలింగు, దానిలో గుండ్రని తూట్లు కోసి పొదిగిన ఎల్.ఇ.డి. దీపములు: ఇది నేటి పద్ధతి. పొదిగిన దీపము కంటికింపైనదే. దానిని మేము నిందింపము. చిక్కంతయు దాని చోటులో నున్నది.

మేము చూచిన యొక యింట గది పొడవు 8 అడుగులు, సీలింగు ఎత్తును 8 అడుగులే. ఒక కొనను వాష్ బేసినును అద్దమును, రెండవ కొనను షవరును గలవు. పనివాడు టేపు పట్టి, అద్దపుగోడనుండి 2 అడుగులకొకటి, 6 అడుగులకొకటి, మధ్యగీతపై రెండు దీపములను పొదిగెను. క్రిందనుండి తలయెత్తి చూచినచో నంతకంటె సమమైన యమరిక లేదు. సీలింగునకు న్యాయము జరిగినది, మనుష్యునికి జరుగలేదు.

ఏలయన, బేసినుముందు నిలుచువాని తలయు గోడనుండి రమారమి 2 అడుగుల దూరముననే యుండును. అనగా దీపము సరిగా నడినెత్తిమీద. కిరణములు నుదుటిమీదను ముక్కుమీదను పడి యాగిపోవును. కనుగుంటలలోను, ముక్కుక్రిందను, గడ్డముక్రిందను నీడ. ఆ యింటి పెద్దాయన అంతకుముందే కంటిపొర తీయించుకొనియుండెను. చూపు బాగున్నదని వైద్యుడు చెప్పినను, క్షౌరము చేసికొనునప్పుడెల్ల చర్మము తెగుచుండెను. తన కన్నులే పోవుచున్నవని తలచి, ఎవరితోను చెప్పక లోలోన కుందుచుండెను. కొన్నాళ్లకు చేతియద్దము తీసికొని వరండాలోనికి పోజొచ్చెను. వరండాలో ఒక్క గాటును లేదు! అప్పటికిగాని తప్పు కన్నులది కాదు, దీపముదని యింటివారికి తోచలేదు. వయస్సు మీఱినకొలది కంటిపాప చిన్నదగును, కటకము పసుపుబాఱును. 60 ఏండ్లవాని కంటిలోపలి తెరకు చేరు వెలుతురు 20 ఏండ్లవానికి చేరుదానిలో సుమారు మూడవవంతని చెప్పుదురు. కటకము మార్చినచో పసుపు తొలగునుగాని, నీడలోనున్న చర్మము ఏ కంటికిని స్పష్టముగా కనబడదు.

ఇక చికిత్స. 7 వాట్ల దీపము తీసి 15 వాట్లది పెట్టుదమని యెల్లరకును మొదట తోచును. విద్యార్థులారా, ఆలోచింపుడు: నుదుటిమీద వెలుగు రెట్టింపైనప్పుడు నీడయు ఆ పాలుననే మాఱును, రెంటికి గల నిష్పత్తి మాఱదు. కన్నులు జిగేలుమనుట యొక్కటే లాభము. తెల్లని గోడలైన కొంత వెలుతురును మరల ముఖముమీదికి పంపును. ముదురురంగు టైల్సు దానిని మ్రింగివేయును.

దీపమును అద్దమువైపు ఒక అడుగు జరిపినచో? కన్ను నేలనుండి 5 అడుగుల యెత్తున నున్నదనుకొందము. దీపము కంటికి 3 అడుగులు పైన, ఒక్క అడుగు ముందు నుండును. కిరణమింకను నిట్రముగానే దిగును. కనుబొమల నీడ తగ్గునుగాని పోదు. కనుక అద్దమునకు కుడియెడమల, కంటియెత్తున, గోడకు రెండు దీపములుంచుట మేలు. కుడిదీపము వేసిన నీడను ఎడమదీపము తుడిచివేయును. నాటకశాలలో వేషము వేసికొను అద్దమునకు చుట్టును బల్బులు బిగించుట యిందులకే. వరండాలో పెద్దాయనకు మేలుచేసినదియు ముఖమున కెదురుగా వచ్చిన ఆకాశపు వెలుతురే.

షవరుపైనున్న రెండవ దీపము చోటు తగినదే, దానిని కదల్పనక్కఱలేదు. అయితే ఆవిరియు తుంపరలును చేరుచోట ఐపి 65 అను గుర్తుగల దీపము మేలు: 6 అనగా దుమ్ము చొరదు, 5 అనగా నీటిధార తగిలినను చెడదు. ఈ పనులన్నియు ఎలక్ట్రీషియనువి. మెయిన్ స్విచ్చి ఆపక, 30 మిల్లీ ఆంపియరుల ఆర్.సి.సి.బి. ఉన్నదో లేదో చూడక, తడిగదిలో తీగ ముట్టరాదు. పిల్లలు దూరమునుండి చూచిన చాలును.

విడిచిన తూటును మూయుట కష్టము కాదు. దీపమునకు వచ్చిన తీగకొనలను సీలింగులో నూరక వదలక, జంక్షను పెట్టెలో బంధించి, ఆ పెట్టెను తెఱచి చూచుటకు చిన్న తలుపుంచవలెను. పిమ్మట తూటుకంటె పొడవైన చెక్కపట్టీని లోనికి దూర్చి, అడ్డముగా మరలతో బిగించి, తేమకు తట్టుకొను జిప్సం పలకనుండి గుండ్రని బిళ్ల కోసి దానికి తగిలింపవలెను. అతుకుపై కాగితపు టేపు, పూత, ఆఱిన తరువాత ఉప్పుకాగితముతో రుద్దుట, ఆపైన ప్రైమరు. ఇంటివారు తొందరపడునది రంగువద్దనే. ఆ బిళ్లకు మాత్రమే రంగు పూసినచో, షవరుపైనున్న దీపము వెలిగినప్పుడెల్ల అచ్చట వేఱు వన్నెగల చంద్రబింబము కనబడును. సీలింగంతయు ఒకేసారి పూయింపవలెను.