గొట్టంలో నీళ్లెన్ని? గాలెంత?



కరెంటు పోయి వచ్చాక కుళాయి తిప్పితే ఏమవుతుంది? ముందు ‘బుస్సు’మని గాలి వస్తుంది. తర్వాత గాలీ నీళ్లూ కలిసి టపటపా చిమ్ముతాయి. ఆ తర్వాతే ధార కడుతుంది. ఇలా ఒకే గొట్టంలో వాయువు, ద్రవం కలిసి పోవడాన్ని ‘రెండు ప్రావస్థల ప్రవాహం’ అంటారు. ఉట్టి నీళ్లు కొలవాలంటే బకెట్టు, గడియారం చాలు. రెండూ కలిస్తేనే తంటా.

ఎన్ని రకాలుగా పోతాయి?

నిలువు గొట్టంలో గాలి కొంచెమే ఉంటే చిన్న చిన్న బుడగలుగా పైకి పోతుంది. గాలి పెరిగితే బుడగలు కలిసిపోయి, తూటా ఆకారంలో పొడుగు బుడగ అవుతుంది. ఇంకా పెరిగితే అంతా కలగాపులగం. మరీ ఎక్కువైతే గాలి మధ్యలో దూసుకుపోతుంది, నీళ్లు గోడకు పొరలా అంటుకుని పోతాయి. పడుకోబెట్టిన గొట్టంలో మెల్లగా పోతే నీళ్లు అడుగున, గాలి పైన ఉంటాయి.

చేసి చూడండి: తాపీ మేస్త్రీలు లెవెలు చూసే గొట్టం ఒక మీటరు ముక్క తీసుకోండి. పైన కొంచెం ఖాళీ ఉంచి నీళ్లు పోయండి. రెండు కొసలూ బొటనవేళ్లతో మూసి తలకిందులు చేయండి. గుండ్రటి తలతో బుడగ పైకి పోతుంది. నీళ్లు దాని పక్కనుంచి సన్నగా కిందికి జారతాయి. (మరీ సన్న గొట్టమైతే బుడగ కదలదు.)

ఎలా కొలుస్తారు?

1. మూసి చూడటం: గొట్టానికి రెండు చోట్ల ఉన్న వాల్వులను ఒకేసారి మూసేస్తారు. లోపల చిక్కిన నీళ్లు అడుగుకు దిగుతాయి. 100 సెం.మీ. గొట్టంలో నీళ్లు 60 సెం.మీ. ఉంటే గాలి భాగం 0.4. చోటులో గాలిది 40 వంతులు. బరువులో మాత్రం వెయ్యింట ఒక వంతు కూడా కాదు! ఎందుకంటే ఘనపు మీటరు నీళ్లు 1000 కిలోలు, గాలి సుమారు 1.2 కిలోలే.

2. విడదీయడం: కృష్ణా-గోదావరి బేసిన్ లాంటి చోట్ల బావుల్లోంచి వచ్చే గ్యాసుతో ద్రవాలు కూడా రావచ్చు. పెద్ద ట్యాంకులోకి పంపితే గ్యాసు పైకి, ద్రవం కిందికి పోతాయి. అప్పుడు దేనికది కొలుస్తారు.

3. గామా కిరణాలు: గొట్టానికి ఒక పక్కనుంచి కిరణాలు పంపి రెండో పక్క కొలుస్తారు. నీళ్లు కిరణాలను ఎక్కువగా ఆపుతాయి, గాలి ఆపదు.

4. కరెంటు: కుళాయి నీళ్లలో కరెంటు పోతుంది, గాలిలో పోదు. గొట్టానికి అడ్డంగా సన్న తీగల వల కట్టి, ఏ గడిలో నీళ్లున్నాయో, ఏ గడిలో గాలి ఉందో చూసే సాధనాన్ని 1998లో జర్మనీ శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సంత రోజు దారిలో ఒక క్షణం చూస్తే సగం మంది నడిచేవాళ్లు, సగం మంది సైకిళ్ల మీద ఉన్నారనుకోండి. సైకిలు నడకకు మూడింతల వేగం. సంత గేటు దగ్గర లెక్కపెడితే? ఒక నడిచేవాడికి మూడు సైకిళ్లు వస్తాయి. పైకి పోయే గొట్టంలో కూడా అంతే. గాలి నీళ్లకన్నా ముందు పరుగెత్తుతుంది. కాబట్టి లోపల ఎంత ఉందో తెలిస్తే చాలదు, దేని వేగం ఎంతో కూడా తెలియాలి.

తప్పు అంచనా వేస్తే?

అన్నం ఉడికేటప్పుడు గంజి పొంగి మూతదాకా వస్తుంది. గిన్నె నిండుగా కనబడుతుంది, లోపల నీళ్లు మాత్రం తగ్గుతూ ఉంటాయి. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఇలాంటి మోసమే జరిగింది. ఒక వాల్వు తెరుచుకుని మూసుకోలేదు. దాంట్లోంచి నీళ్లు పోతున్నాయి. లోపల ఆవిరి పుట్టింది. ఒక ట్యాంకులో మాత్రం నీటిమట్టం ఎక్కువగా చూపించింది. రియాక్టరులోనే నీళ్లెంత ఉన్నాయో నేరుగా చూపే మీటరు లేదు. నీళ్లు ఎక్కువయ్యాయనుకుని సిబ్బంది అత్యవసర నీటిని తగ్గించేశారు. ఇంధనంలో దాదాపు సగం కరిగిపోయింది! ఆ తర్వాతే అక్కడి కేంద్రాల్లో ఇలాంటి నీటిమట్టం సాధనాలు పెట్టించారు.

వార్డెను సార్లకు మనవి: నీటి మీటరు చక్రం గాలికి కూడా తిరుగుతుంది. అంకె పెరిగినంత మాత్రాన పిల్లలు నీళ్లు పారబోశారని కాదు. బకెట్టు పెట్టి ఒకసారి కొలిపించండి.

ఆలోచించండి:
1. 50 సెం.మీ. గొట్టంలో 35 సెం.మీ. నీళ్లు ఉంటే గాలి భాగం ఎంత?
2. మేస్త్రీలు లెవెలు గొట్టంలో బుడగ లేకుండా ఎందుకు చూసుకుంటారు?

జవాబులు రాసి సైన్సు సారుకి ఇవ్వండి. సరైనవి వచ్చే సంచికలో అంటిస్తాం.