కొండ ఊరిలో కొత్త కట్టడం

పిల్లలూ! పాత ఊరిలో కొత్త కట్టడం కట్టవలసి వస్తే ఎలా కట్టాలి? పాతదానిలాగే కనిపించేలా కట్టాలా, నగరంలోని అద్దాల మేడలా కట్టాలా? ఈ పాఠంలో మనం స్విట్జర్లాండులోని వ్రీన్ అనే ఊరి గురించి తెలుసుకుందాం.

వ్రీన్ ఆల్ప్స్ పర్వతాలలో, గ్రౌబుండెన్ రాష్ట్రంలో ఉంది. జనం కొద్దిమందే. పశువుల పెంపకం వారి జీవనాధారం. యువకులు ఊరు వదిలి వెళ్ళిపోతుంటే, ఖాళీ స్థలాలు సెలవుల ఇళ్ళ కోసం బయటివారికి అమ్ముడుపోయే ప్రమాదం వచ్చింది. అప్పుడు ఊరివారు 1979లో 'ప్రో వ్రీన్' అనే సంస్థను పెట్టుకున్నారు. ఇళ్ళ స్థలాలను ఊరే కొని, ఊరివారికోసం ఉంచింది.

ఆ ఊరిలోనే పుట్టి, వడ్రంగం నేర్చిన గియోన్ కమినాడా తరువాత వాస్తుశిల్పి అయ్యారు. అక్కడి పాత ఇళ్ళు చెక్క దూలాలను పేర్చి, మూలల్లో ఒకదానిలో ఒకటి ఇమిడేలా గాట్లు పెట్టి కట్టినవి. జర్మన్ భాషలో ఈ పద్ధతి పేరుకు 'అల్లిక కట్టడం' అని అర్థం. కమినాడా ఆ పద్ధతినే వాడుతూ కొత్త అవసరాలకు కొత్త కట్టడాలు కట్టారు. ఊరందరికీ పనికివచ్చే హాలు, పశువుల కొట్టాలు, చివరికి టెలిఫోన్ బూత్ కూడా!

2002లో చర్చి పక్కన చనిపోయినవారికి వీడ్కోలు చెప్పే ఇల్లు కట్టారు. అంతకుముందు ఆ వీడ్కోలు ఎవరి ఇంట్లో వారికే జరిగేది. ఈ ఇల్లు కూడా చెక్కదే. కానీ పక్కనున్న చర్చిలా తెల్లరంగు వేశారు. అందుకే అది ఊరి ఇళ్ళకూ చుట్టమే, చర్చికీ చుట్టమే. ఇలా ఊరిని కాపాడుకున్నందుకు 1998లోనే వ్రీన్‌కు వాకర్ బహుమతి వచ్చింది.

ఆ ఊరివారి భాష రొమాన్ష్. మాట్లాడేవారు తక్కువే అయినా 1938లో స్విస్ ప్రజలు ఓటు వేసి దానిని నాలుగవ జాతీయ భాషగా ఒప్పుకున్నారు.

మన తెలుగు కూడా ఇలాగే కొత్తవాటిని చేర్చుకుంటుంది. 'బస్' అనే ఇంగ్లీషు మాట మన నోట 'బస్సు' అయింది, 'బస్సులు', 'బస్సులో' అయింది. మాట కొత్తది, అల్లిక పాతది. అందుకే పిల్లలు ఇంగ్లీషు మాట కలిపి మాట్లాడినా మేము కోప్పడం. వాక్యం మాత్రం తెలుగులో పూర్తి చేయమంటాం. మాటలు అరువు తెచ్చుకోవచ్చు గాని, వాటిని కలిపే అల్లిక పోతే భాషే పోతుంది.

అభ్యాసం
1. వ్రీన్ ఊరివారు ఇళ్ళ స్థలాలను ఎందుకు కొన్నారు?
2. 'బస్సు' లాంటి మాటలు ఐదు రాసి, వాటికి బహువచనాలు చెప్పండి.
3. మీ అమ్మమ్మగారినో తాతగారినో అడిగి, వారి ఊరి పాత ఇల్లు దేనితో కట్టారో నాలుగు వాక్యాలు రాయండి.