పాటిదిబ్బను చదవడం ఎలా?

మీ ఊరి పక్కన పాటిదిబ్బ ఉందా? ఒకప్పుడు జనం కాపురమున్న ఊరు పాడుపడి, గోడలు కూలి, బూడిద, చెత్త పేరుకుని దిబ్బగా మిగిలితే దాన్ని పాటిదిబ్బ అంటారు. పాటిమన్ను పైరుకు బలమని రైతులు బళ్ళకెత్తి పొలాలకు తోలేవారు. అప్పుడప్పుడు ఆ మన్నులో పూసలు, పాత నాణేలు, కుండపెంకులు బయటపడేవి.

"ఇంకేం, పలుగూ పారా తీసుకుని మనమే తవ్వితే పోలా?" అనిపిస్తోందా? ఆగండి! విశ్వవిద్యాలయంలో పురావస్తుశాస్త్రం చదివేవారు కూడా ముందుగా నేర్చుకోవలసింది తవ్వడం కాదు. మరేమిటి?

పొరల లెక్క

ఇల్లు కూలిన చోటే మళ్ళీ ఇల్లు కడితే పాత నేల మీద కొత్త నేల పడుతుంది. వందల ఏళ్ళు ఇలా జరిగితే పొర మీద పొర ఏర్పడుతుంది. ఎవరూ కదపకపోతే అడుగు పొర పాతది, పై పొర కొత్తది. ఇంతవరకు తేలికే.

అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది. 1960లో ఎవరో ఆ దిబ్బలో ధాన్యం పాతర కోసం ఐదడుగుల గొయ్యి తీశారనుకోండి. వాళ్ళ జేబులోని నయాపైసా జారి గోతి అడుగున పడింది. కొన్నాళ్ళకు గొయ్యి పూడిపోయింది. సరిగ్గా అంతే లోతులో, జానెడు దూరంలో, రెండువేల ఏళ్ళనాటి కుండ ఉంది. మీరు లోతు మాత్రమే కొలిచి రాసుకుంటే కుండ, నయాపైసా ఒకే కాలానివవుతాయి! నయాపైసా మీద సంవత్సరం ఉంటుంది కాబట్టి తప్పు దొరికిపోతుంది. దాని బదులు అక్కడ ఒక పూసో, ఎముకో పడి ఉంటే?

ఈ తప్పు జరగకుండా చూసేది మన్నే. పూడిన గోతిలోని మన్ను రంగు వేరుగా ఉంటుంది. తరచు వదులుగా కూడా ఉంటుంది. తవ్విన గుంట పక్కలను నిట్టనిలువుగా చెక్కి చూస్తే గొయ్యి ఏ పొర నుంచి మొదలై ఎక్కడిదాకా దిగిందో కనిపిస్తుంది. 1944లో భారత పురావస్తు సర్వేకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చిన మార్టిమర్ వీలర్ ఆ ఏడాదే తక్షశిలలో శిబిరం పెట్టి విద్యార్థులకు ఈ పద్ధతి నేర్పాడు. నేలను దారంతో చదరాలుగా విభజిస్తారు. చదరానికీ చదరానికీ మధ్య పొలంగట్టులాగా కొంత నేలను తవ్వకుండా వదులుతారు. ఆ గట్ల పక్కలే పొరలకు సాక్ష్యం.

రెండు కథలు

ఒక చోటును ఒక్కసారే తవ్వగలం. తీసిన పొరను మళ్ళీ అమర్చలేం. తవ్వకమంటే, చదివిన పుటను అప్పుడే చింపివేయాల్సిన పుస్తకం లాంటిది. కనుక చదివింది రాసుకోకపోతే ఏమీ మిగలదు.

అమరావతి స్తూపం సంగతి చూడండి. 18వ శతాబ్దం చివర అక్కడ కొత్త పట్నం కట్టేటప్పుడు ఇటుకల కోసం, రాళ్ళ కోసం దిబ్బను తవ్వేశారు. కొన్ని రాళ్ళు గోడల్లోకి పోయాయి. కొన్నింటిని సున్నం కోసం కాల్చారు. 1816లో కాలిన్ మెకంజీ తన చిత్రకారులతో వచ్చి, కనిపించిన శిల్పాలకు బొమ్మలు గీయించాడు. వాటిలో కొన్ని రాళ్ళు తర్వాత మాయమయ్యాయి. ఇప్పుడు వాటి రూపం ఆ బొమ్మల్లోనే ఉంది. మిగిలిన శిల్పాలెన్నో చెన్నైలోనూ, లండన్‌లోనూ మ్యూజియంలలో ఉన్నాయి. కాని ఏ రాయి స్తూపంలో ఎక్కడ ఉండేదో చెప్పడానికి పండితులు ఈనాటికీ తంటాలు పడుతున్నారు.

ఇక నాగార్జునకొండ. ఆనకట్ట కడితే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ అంతా మునిగిపోతుంది. అందుకని 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. రాతియుగపు పనిముట్ల నుంచి బౌద్ధ విహారాల దాకా కొలిచారు, పటాలు గీశారు, ఫోటోలు తీశారు. ముఖ్యమైన కట్టడాలను ఎత్తు ప్రదేశాల్లో తిరిగి అమర్చారు. ఆ తవ్వకాల నివేదికలో రెండో సంపుటం అచ్చయింది 2006లో! లోయ నీటి అడుగున ఉంది. అయినా 46 ఏళ్ళ తర్వాత రాయగలిగారంటే కారణం నోటుపుస్తకాలు, పటాలే కదా?

మీరు కూడా చదవాలనుకుంటే

మన దేశంలో ఈ శాస్త్రాన్ని ఎక్కువగా డిగ్రీ తర్వాత ఎం.ఎ.లో చదువుతారు. పుణెలోని దక్కన్ కాలేజి ఇందుకు పేరుపొందింది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ ఈ శాఖ ఉంది. భారత పురావస్తు సర్వే 1959లో ప్రారంభించిన పాఠశాల, నేడు గ్రేటర్ నోయిడాలో పండిత్ దీనదయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థగా రెండేళ్ళ డిప్లొమా నేర్పుతోంది. చరిత్ర ఒక్కటే చాలదు. ఎముక ఏ జంతువుదో చెప్పడానికి జంతుశాస్త్రం, మాడిన గింజలకు వృక్షశాస్త్రం, మన్నుకు భూగర్భశాస్త్రం, బొగ్గు వయసు కట్టడానికి భౌతిక, రసాయన శాస్త్రాలు కావాలి. మీకు ఇష్టమైన పాఠం ఏదైనా ఇక్కడ పనికొస్తుంది.

ఇప్పుడే చేయగల పని ఒకటుంది. మీ వీధిలో బావికో, ఇంటి పునాదికో గొయ్యి తీస్తుంటే పెద్దవారితో వెళ్ళి దూరంగా నిలబడి చూడండి. గోతిలోకి దిగకండి, అంచుకు పోకండి. పక్కన కనిపించే పొరలను గ్రాఫు కాగితం మీద గీయండి. పది సెంటీమీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున, అంచనాగానైనా సరే. ప్రతి పొర రంగు రాయండి. తేదీ, చోటు, ఉత్తరదిక్కు గుర్తు మరవకండి.

పాత వస్తువు ఏదైనా కంటబడితే? తీయకండి, కడగకండి. దగ్గరలోని బావి నుంచో చెట్టు నుంచో ఎన్ని అడుగుల దూరమో రాసుకుని మీ మాస్టారికి చెప్పండి. ఆయన ద్వారా తహసీల్దారుకో, రాష్ట్ర పురావస్తు శాఖకో కబురు చేరుతుంది. చోటు తెలియని పూస వట్టి పూసే. చోటు తెలిసిన పూస ఒక ఊరి కథ చెబుతుంది. ఆ కథ పోకుండా చూశారంటే పురావస్తు విద్యార్థి మొదటి పాఠం మీకు వచ్చినట్టే!