నర్స్ అనస్థీషియా చదువు: తగ్గిన మార్కులకు ఏం చేయాలి?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా నాయ్‌గావ్. బీఎస్సీ నర్సింగ్ చేసి ఐసీయూలో పనిచేస్తున్నాను. అమెరికాలో నర్స్ అనస్థటిస్ట్ కావాలని ఉంది. మొదటి ఏడాది ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీలో మార్కులు బాగా తగ్గాయి. దారేది?

జవాబు: ముందు మీ మార్కులను అమెరికా పద్ధతిలో, సబ్జెక్టువారీగా మదింపు చేయించండి. మన దగ్గర 60 శాతమంటే ఫస్ట్ క్లాసని వాళ్లు లెక్కలోకి తీసుకుంటారు, కాబట్టి శాతాలు చూసి బెంగపడకండి. చాలా కాలేజీలు జీపీఏ కనీసం 3.0 ఉండాలంటాయి. సైన్సు సబ్జెక్టులను విడిగానూ చూస్తాయి. మీకు అసలు చిక్కు అక్కడే.

అమెరికా విశ్వవిద్యాలయాలు ఆన్‌లైన్‌లో నడిపే బయోకెమిస్ట్రీ, అడ్వాన్స్‌డ్ ఫిజియాలజీ వంటి కోర్సుల్లో ఒకటి తీసుకుని ‘ఎ’ గ్రేడు తెచ్చుకోండి. నైట్ డ్యూటీలు చేస్తూ రెండు కోర్సులు నెత్తిన పెట్టుకోవద్దు. కొత్త గ్రేడునే లెక్కిస్తారా, పాతదానితో కలిపి సగటు తీస్తారా అన్నది డబ్బు కట్టకముందే, మీరు చేరదలచుకున్న కాలేజీని అడగండి.

చదివింది వార్డులో పరీక్షించుకోండి. నార్‌అడ్రినలిన్ డోసు పెంచితే బీపీ ఎందుకు పెరిగిందో ఏ రిసెప్టరు, ఏ రక్తనాళం అన్నంత వరకూ చెప్పగలగాలి. ఇంటర్వ్యూలో ఇలాంటివే తవ్వుతారు.

మార్కుల కోసం ఇక్కడ అనస్థీషియా టెక్నాలజీ డిగ్రీలో చేరమని ఎవరైనా చెబితే వినకండి. అది టెక్నీషియన్ చదువు. దాని బదులు, అమెరికా నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసి, అక్కడి ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్సు తెచ్చుకోండి. క్రిటికల్ కేర్‌లో కనీసం ఏడాది అనుభవం తప్పనిసరి. అది అమెరికాలోనిదైతే మేలు. 2022 నుంచి అక్కడి నర్స్ అనస్థీషియా కోర్సులో కొత్తగా చేరేవారందరికీ ఇది డాక్టరేటు స్థాయి చదువు, సాధారణంగా మూడేళ్లు. ఖర్చు లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి.