మానిటర్ ఎంపిక - చుక్కల లెక్క

మానిటర్ కొనబోయే విద్యార్థి దుకాణంలో మొట్టమొదట అడిగే ప్రశ్న "ఎన్ని అంగుళాలు?" అన్నది. తెర ఎంత పెద్దదైతే అంత మేలైనదనే భావం మనలో పాతుకొని యున్నది. ఆటలకూ, ఫోటోలు దిద్దుకొనడానికీ ఒకే మానిటర్ కొనదలచిన వారికి ఈ భావం నష్టదాయకమని మేము తలుస్తున్నాము.

అంగుళాల లెక్క తెరను ఒక మూల నుండి ఎదుటి మూలకు కొలిచినది మాత్రమే. స్పష్టత అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు, అనగా ఎన్ని చుక్కలు ఇమిడినవనే దానిపై ఆధారపడుతుంది. 1920×1080 చుక్కలు గల 24 అంగుళాల తెరలో అంగుళానికి సుమారు 92 చుక్కలు వస్తాయి. అవే చుక్కలను 27 అంగుళాలకు పరచినచో 82కు పడిపోతాయి. పిండి పెంచక రొట్టెను వెడల్పు చేసినట్లే! 2560×1440 చుక్కలైతే అదే 27 అంగుళాలలో 109, ఫోర్ కె అనబడే 3840×2160 అయితే 163 వస్తాయి. ఉర్దూలో "బే"కూ "పే"కూ భేదం కింది నుక్తాలలోనే యున్నది. తెలుగులో "ద"కూ "ధ"కూ భేదం ఒక చిన్న గీత. ఈ రెండు లిపులు చదివే మన కళ్లకు చుక్కల సాంద్రత విలాసం కాదు.

అట్లయితే అందరూ ఫోర్ కె కొనరాదా? ఇక్కడ ఆటలు అడ్డు వస్తాయి. 1080 తెరలో సుమారు 20.7 లక్షల చుక్కలుండగా ఫోర్ కెలో సరిగ్గా దానికి నాలుగింతలు, సుమారు 83 లక్షలు. గ్రాఫిక్స్ కార్డు వీటన్నిటినీ సెకనుకు 60 మార్లో, 144 మార్లో కొత్తగా గీయవలెను. సామాన్యమైన కార్డుకు అది మోయరాని బరువు. ఆటలో రిజల్యూషన్ తగ్గించుకొనవచ్చును గదా అని కొందరనవచ్చు. 1440 తెరపై 1080 బొమ్మను చూపినప్పుడు ఒక్కొక్క చుక్క అడ్డంగానూ నిలువుగానూ ఒకటీ, మూడింట ఒక వంతు చుక్కలను ఆక్రమించవలసి వస్తుంది. చుక్కను ముక్కలు చేయలేము. అందుచేత అంచులు మసకబారుతాయి.

ఫోటోల విషయం వేరు. 6000×4000 చుక్కల ఫోటోను అసలు పరిమాణంలో చూచినచో 1080 తెరపై దానిలో సుమారు పన్నెండవ వంతు మాత్రమే కనబడుతుంది. అంతకన్న ముఖ్యమైనది రంగు. టిఎన్ రకపు తెరలో తల కొంచెం కదిపితే రంగు మారుతుంది; ఐపిఎస్ రకంలో ఆ దోషం బహు స్వల్పం. 1996 నాటి ఎస్ఆర్‌జిబి ప్రమాణాన్ని తెర దాదాపు పూర్తిగా చూపగలదో లేదో కూడా విచారించవలెను. తెర వెలుగును హెచ్చుగా ఉంచి దిద్దిన పెళ్లి ఫోటోలు ఆల్బంలో నల్లబడి వస్తాయి. ఇది కొనే లోపం కాదు, వాడే లోపం.

రెండు పనులూ చేసుకొనేవారికి 2560×1440 గల 27 అంగుళాల ఐపిఎస్ తెర తగినదని మా అభిప్రాయం. డబ్బు చాలనిచో 24 అంగుళాల 1080 ఐపిఎస్ తెర తీసుకొని, మిగిలిన సొమ్మును కార్డుకు వెచ్చించుట మేలు. ఆటలాడనివారు మాత్రం ఫోర్ కెను నిశ్చింతగా ఎంచుకొనవచ్చును.