మతి సరిగా లేదంటే మాటకు విలువ లేదా?

ఈసారి పాఠము కొంచెం చట్టమునకు సంబంధించినది. భయపడనవసరం లేదు, మా వార్డులో జరిగిన సంగతితోనే మొదలుపెడతాము.

అడవి లోపలి గూడెం నుండి ఒక పెద్దాయనను ఇద్దరు కొడుకులు మలేరియాతో తీసుకొచ్చారు. ఆయన చాలా ఏళ్లుగా మానసిక వ్యాధికి మాత్రలు వాడుతున్నారు. రెండు రోజులు జ్వరం తీవ్రతకు తాను ఎక్కడున్నదీ తెలియక సెలైను పీకేసుకున్నారు. అప్పుడు డాక్టరుగారు కొడుకులతో మాట్లాడి వైద్యం చేశారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అలాగే చేయాలి. మూడవ రోజు జ్వరం దిగింది. ఇంటికి పోతానన్నారు. "ఆయన మాట పట్టించుకోకండి సిస్టరమ్మా, మతి సరిగా లేదు, సంతకం మేం పెడతాం" అన్నాడు పెద్దకొడుకు. మేమూ కాగితం అతని చేతికే ఇచ్చాము. ఆ పొరపాటు మాదే. బర్తిమయి గుడ్డివాడని అందరికీ కనబడుతూనే ఉన్నది, అయినా ప్రభువు అతనికి ఏమి కావాలో అతనినే అడిగాడు. మేము అడగలేదు.

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుండి అమలులో ఉన్నది. మానసిక వ్యాధి ఉన్నవారైనా తమ వైద్యం గురించి తామే నిర్ణయించుకోగలరని అది మొదట నమ్ముతుంది. చెప్పినది అర్థమవుతున్నదా, ఒప్పుకుంటే ఏమవుతుందో కాదంటే ఏమవుతుందో తెలుస్తున్నదా, తన నిర్ణయం మాటతో గాని సైగతో గాని తెలుపగలరా అని చూడాలి. మనకు తప్పుగా తోచిన నిర్ణయం తీసుకున్నంత మాత్రాన శక్తి లేదనకూడదని కూడా అందులోనే ఉన్నది. మేము చూసినంతలో ఇండ్లలో గొడవంతా ఇక్కడే.

రోగికి తెలిసిన తేలిక భాషలో చెప్పాలని కూడా చట్టం అంటుంది. మన వైపు ఇది చిన్న సంగతి కాదు. కోయ మాట్లాడేవారు మన తెలుగుకు తల ఊపితే చాలు, ఒప్పుకున్నారని రాసుకుంటాము! ఆ పెద్దాయనతో కోయ తెలిసిన మా ఆయమ్మ మాట్లాడింది. తునికాకు కోత మొదలైందట, ఏడాదికి ఆ కొద్ది రోజులే చేతిలో డబ్బు ఆడుతుందట. మాత్రలు మానితే చెవిలో మళ్లీ మాటలు వినబడతాయని తనకు తెలుసన్నారు. ఇంతకంటే ఏమి తెలియాలి? ఇంకొక్క రోజు ఉండమని డాక్టరుగారు బతిమాలారు. ఉన్నారు.

అలాగని కష్టంలో ఉన్నవారిని వారి ఖర్మకు వదిలేయమని చట్టం చెప్పదు. మానసిక వ్యాధి వలన ప్రాణాపాయం గాని, తమకో ఇతరులకో తీవ్రమైన హాని గాని రాబోతున్నప్పుడు ఏ రిజిస్టర్డు డాక్టరైనా అత్యవసర వైద్యం చేయవచ్చు, ప్రతినిధి దగ్గరుంటే వారి సమ్మతితో. సాధారణంగా అది 72 గంటలు దాటకూడదు. నిర్ణయించుకోలేని వారిని ప్రతినిధి కోరిక మీద మానసిక వైద్యశాలలో చేర్చినా మొదట 30 రోజుల వరకే. ఈలోగా తెలివి కుదుటపడితే మళ్లీ వారినే అడగాలి.

గొలుసులతో కట్టుట మాత్రం ఏ విధముగానూ కూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మంటలు లేచినప్పుడు గొలుసులతో ఉన్న 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. మీ ఇంట్లో గాని పొరుగింట్లో గాని ఎవరినైనా కట్టి ఉంచితే, సిగ్గుపడక మాతో చెప్పండి. టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంకొక మాట. ఒకనాడు నిర్ణయించుకోలేని స్థితి వస్తే తన తరపున ఎవరు మాట్లాడాలో 18 ఏళ్లు నిండిన ఎవరైనా ముందే రాసిపెట్టుకోవచ్చు. తెల్లకాగితం, సంతకమో వేలిముద్రో, ఆ మనిషి ఒప్పుదల ఉంటే చాలు. తరువాత మార్చుకోవచ్చు కూడా. పెద్దాయన వెళ్లేముందు రాయించుకున్నారు. కొడుకులిద్దరినీ కాదని చిన్నకోడలి పేరు చెప్పారు. రోజూ మాత్ర చేతిలో పెట్టేది ఆమేనట.